హేడ్రియన్ గోడ వెంట 135 కిలోమీటర్లు: చిన్నాన్నతో వెళ్తున్నా, ప్లాన్ చూసి చెప్పండి

ఓరుగల్లు_స్వాతి

అందరికీ నమస్తే. వచ్చే మే నెలాఖర్లో మా చిన్నాన్న, నేను ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ వెంట తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా నడవాలనుకుంటున్నాం. చిన్నాన్న డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యాడు, వయసు 66. షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర. రోజూ పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తాడు. మా చెల్లె న్యూకాసిల్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది కాబట్టి దిగడానికి ఇల్లుంది.

నేను వేసుకున్న లెక్క: మొత్తం 84 మైళ్ళు, అంటే 135 కిలోమీటర్లు. రోజుకు 27 చొప్పున అయిదు రోజులు. టెంటు మోసుకుపోయి గోడ పక్కనే వేసుకుంటే గదుల ఖర్చు మిగులుతుంది. నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇది అయ్యే పనేనా? ఇద్దరం శాకాహారులం.

టైన్_ఒడ్డు

స్వాతి గారూ, స్వాగతం. న్యూకాసిల్‌లోనే ఉంటాను, ఈ దారి ముక్కలు ముక్కలుగా చాలాసార్లు నడిచాను. ముందు టెంటు సంగతి. ఇంగ్లండ్‌లో దాదాపు అంతటా స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి లేకుండా బయట టెంటు వెయ్యకూడదు. పైగా ఇక్కడ మీ కాళ్ళ కింద మట్టిలో ఏముందో ఎవరికీ తెలియదు, టెంటు మేకు దిగేది రోమన్ పునాదిలోకే కావచ్చు. కాంప్‌సైట్లు ఉన్నాయి, అక్కడైతే ఇబ్బంది లేదు. కానీ టెంటు, పరుపు, వంటసామాను మోస్తూ రోజుకు 27 అంటే కష్టం. సామాను ఒక బస నుంచి తర్వాతి బసకు చేర్చే వ్యాన్లు ఉంటాయి, బ్యాగుకు ఇంత అని తీసుకుంటారు. వీపున నీళ్ళు, రెయిన్ కోటు, తిండి ఉంటే చాలు.

ఇక అయిదు రోజులు. కుర్రాళ్ళు నడుస్తారు, నాలుగులో ముగించేవాళ్ళూ ఉన్నారు. కానీ మీ చిన్నాన్న గారు ప్రతి రాయి దగ్గరా ఆగుతారు కదా! మామూలుగా ఆరు మజిలీలు చేస్తారు: వాల్స్‌ఎండ్ నుంచి హెడన్ 24 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి చోలర్‌ఫర్డ్ మరో 24, తర్వాత స్టీల్ రిగ్ 19, స్టీల్ రిగ్ నుంచి వాల్టన్ 26, వాల్టన్ నుంచి కార్లైల్ 18, ఆఖరున బోనెస్-ఆన్-సాల్వే 24. ఇందులో నాలుగోదాన్ని రెండుగా విరిచి, మధ్యలో విండొలాండా అనే రోమన్ కోట కోసం ఒక రోజు ఖాళీ పెట్టుకుంటే ఎనిమిది రోజులు. మీకు అదే సరిపోతుందని నా ఉద్దేశం.

కాళ్ళరిగినోడు

టైన్ ఒడ్డు చెప్పిన రోజులు ఓకే. దిక్కు మాత్రం తప్పు. పడమర నుంచి తూర్పుకు నడవండి. అక్కడ గాలీ వానా వచ్చేది ఎక్కువగా పడమటి నుంచే. తూర్పు నుంచి మొదలుపెడితే వారం పొడుగునా వాన మొహం మీద కొడుతుంది. నేను బోనెస్‌లో మొదలుపెట్టాను, గాలి వీపు మీద చెయ్యేసి తోస్తున్నట్టే ఉండేది. ఆఖరి రోజు న్యూకాసిల్‌లో టైన్ నది వంతెనల కింద నుంచి నడుచుకుంటూ వెళ్ళి నేరుగా ఇంట్లో స్నానం. మీకు చెల్లెలిల్లు కూడా అక్కడే ఉంది, ఇంకేం కావాలి?

టైన్_ఒడ్డు

గాలి మాట నిజమే, కాదనను. కానీ మైలుకోటల నంబర్లు తూర్పు నుంచే మొదలవుతాయి. రోమన్ మైలుకు ఒక చిన్న కోట, రెండు కోటల మధ్య రెండు బురుజులు, ఇదీ ఆ గోడ కట్టుబడి. 37, 38, 39 అని లెక్కపెట్టుకుంటూ పోతుంటే హిస్టరీ మాష్టారికి దారే పాఠ్యపుస్తకం అవుతుంది. ఇంకోటి, నగరం ముందు అయిపోయి ఊళ్ళు, కొండలు, చివరికి సముద్రం వస్తాయి. ఆఖరి రోజంతా తారురోడ్డు మీద, సైకిళ్ళ గంటల మధ్య నడవడం నాకైతే నచ్చదు.

సందేహరావు

అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. 135 కిలోమీటర్లలో గోడ కనిపించేది ఎంత? ఫొటోలన్నీ మధ్యలో ఒక పాతిక ముప్ఫయి కిలోమీటర్లవే. మిగతా అంతా పొలాలు, గొర్రెలు, రోడ్డు. ఆ మాత్రానికి ఎనిమిది రోజుల గదుల అద్దె ఎందుకు? న్యూకాసిల్ నుంచి రైలెక్కి చోలర్‌ఫర్డ్ నుంచి బర్డోస్వాల్డ్ వరకు మూడు రోజులు నడిచి, మిగిలిన డబ్బుతో ఎడిన్‌బరో చూసి రండి.

కాళ్ళరిగినోడు

సగం దారి నడిచి వచ్చి ఏమని చెప్పుకుంటారండీ?

సందేహరావు

ఎవరికి చెప్పుకోవాలి? నడక చెప్పుకోడానికా, చూడ్డానికా?

(చోలర్‌ఫర్డ్‌కి రైలు లేదు, సరిచేస్తున్నా. హెక్సమ్‌లో దిగి బస్సో టాక్సీయో పట్టుకోవాలి.)

రాతిపలక

సందేహరావు గారి ప్రశ్న మంచిదే. అయితే గోడ లేని చోట చూడ్డానికేమీ లేదనుకోవడమే నాకు మింగుడుపడదు. లేకుండా పోవడానికీ ఒక కథ ఉంది.

క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్ వచ్చాడు, గోడ పని మొదలైంది. మూడు లీజియన్ల (రోమన్ సైన్యంలో పెద్ద దళాలు) సైనికులు కట్టారు. తూర్పున రాతిగోడ, పడమటి భాగం సుమారు 30 మైళ్ళు మొదట మట్టిగడ్డలతో పేర్చిన కట్ట. తర్వాత దాన్నీ రాతితో తిరగకట్టారు. రోమన్లు వెళ్ళిపోయాక వందల ఏళ్ళపాటు చుట్టుపక్కలవాళ్ళకి అది చెక్కి పెట్టిన రాళ్ళ గుట్ట. లానర్‌కాస్ట్ మఠం, థర్ల్‌వాల్ కోట, ఎన్నో పొలం గట్లు, దొడ్లు ఆ రాళ్ళతో లేచినవే.

పెద్ద దెబ్బ 18వ శతాబ్దంలో పడింది. 1745లో స్కాట్లండ్ నుంచి తిరుగుబాటు సైన్యం కార్లైల్ మీదుగా దిగింది. న్యూకాసిల్‌లో ఉన్న ప్రభుత్వ సేనాని జనరల్ వేడ్‌కు ఫిరంగులతో అడ్డంగా అటు వెళ్ళడానికి సరైన రోడ్డే లేదు. ఆ అనుభవంతో 1750ల్లో మిలిటరీ రోడ్డు వేశారు. ఎక్కడ వేశారు? గోడను పడగొట్టి, ఆ రాళ్ళు పరిచి, మైళ్ళకొద్దీ దాని పునాది మీదే. మీరు రెండో రోజు నడిచేది ఈ రోడ్డు పక్కన. కారు పోతున్న తారు కింద గోడ ఉంది. ఒకవైపు గోడకు ముందున్న కందకం, రెండోవైపు వాలమ్ అనే పెద్ద కాలువ గట్లు, రెండూ పొలాల్లో ఇప్పటికీ బారుగా కనిపిస్తాయి. పొద్దుటి ఏటవాలు ఎండలో ఇంకా బాగా తెలుస్తాయి.

మధ్య భాగం మిగలడానికి ఒక కారణం కొండ ఎత్తు. ఇంకో కారణం న్యూకాసిల్ టౌన్ క్లర్క్ జాన్ క్లేటన్. 19వ శతాబ్దంలో గోడ ఉన్న పొలాలు దొరికినవి దొరికినట్టు కొని, పడిన రాళ్ళు మళ్ళీ పేర్పించాడు. హౌస్‌స్టెడ్స్ దగ్గర ఫొటోల్లో చూసే నున్నటి గోడలో చాలా భాగం ఆయన మనుషులు నిలబెట్టిందే.

ఓరుగల్లు_స్వాతి

రాతిపలక గారూ, మీరు రాసింది చిన్నాన్నకు చదివి వినిపించాను. "మట్టిగడ్డల కట్ట" దగ్గర ఆపించాడు. మా ఓరుగల్లులో లోపల రాతికోట, బయట మట్టికోట. చిన్నాన్నకు రాతికోట కన్నా మట్టికోట మీదే ప్రేమ, దాని మీద ఇళ్ళు లేస్తున్నాయని పేపర్లకు ఉత్తరాలు రాస్తుంటాడు. ఇప్పుడు ఒకటే అడుగుతున్నాడు: ఆ మట్టి కట్ట ఇంకా ఎక్కడన్నా ఉందా, లేక అంతా రాతిగోడ కిందికి పోయిందా?

రాతిపలక

ఉంది! అడిగినందుకు సంతోషం. రాతితో తిరగకట్టినప్పుడు చాలా చోట్ల పాత కట్ట వరసలోనే కట్టారు కాబట్టి అది మాయమైంది. బర్డోస్వాల్డ్ కోటకు పడమట మాత్రం సుమారు రెండు మైళ్ళ మేర రాతిగోడను కాస్త ఉత్తరానికి జరిపారు. అందుకని మట్టి కట్ట వరస విడిగా మిగిలిపోయింది. రోడ్డు దాటి దక్షిణం వైపు పొలంలో చూస్తే ముందు కందకం, వెనక గడ్డి కప్పిన తక్కువ ఎత్తు దిబ్బ, దాని వెనక వాలమ్. తెలియనివాడు పొలం గట్టు అనుకుని దాటిపోతాడు. ఏ పలక ముందూ అంతసేపు నిలబడని నేను ఆ దిబ్బ దగ్గర టీ ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను.

అదే రోజు దానికి కాస్త ముందు విల్లోఫర్డ్ వస్తుంది. గోడ ఇర్థింగ్ నదిని దాటిన వంతెన తాలూకు రాతికట్టడం పొలం మధ్యలో పొడినేల మీద నిలబడి ఉంటుంది. ఈ 1900 ఏళ్ళలో నది పడమటికి జరిగిపోయింది. నది దాటాక అవతలి గట్టు మీది మైలుకోట నుంచి బర్డోస్వాల్డ్ వరకు, మిగిలిన గోడలో తెగకుండా సాగే అతి పొడవైన ముక్క. సందేహరావు గారి మూడు రోజుల ప్లానుకి కూడా బర్డోస్వాల్డ్ దగ్గర ఆగకుండా ఇంకో గంట పడమటికి నడవమని నా మనవి.

సందేహరావు

సరే, మూడున్నర రోజులు.

పద్మజ_కాకినాడ

మేమిద్దరం అరవైకి దగ్గర్లో ఉండగా నడిచాం. చరిత్ర పెద్దలు చెప్తున్నారు, నేను కడుపు సంగతి చెప్తా.

పొద్దున బసలో పెట్టే టిఫినులో మాంసమే ఎక్కువ. ముందురోజు రాత్రే "మేం శాకాహారులం" అని చెప్పెయ్యండి. గుడ్లు తినకపోతే అదీ విడిగా చెప్పాలి, వాళ్ళ లెక్కలో గుడ్డు శాకాహారమే. బీన్స్, పుట్టగొడుగులు, టమాటా, టోస్టు పెడతారు. మధ్యాహ్నం దారిలో కొట్లు ఉంటాయనుకోకండి. హెడన్ దాటాక మైళ్ళ తరబడి ఏమీ ఉండవు, పొద్దునే పొట్లం కట్టించుకోవాలి. రాత్రి పబ్బుల్లో వంటగది ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా కట్టేస్తారు. ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంటుంది, అది చూసి నింపాదిగా వెళ్తే ఆలూ చిప్సే గతి. మేం అటుకులు, కందిపొడి, చింతకాయ పచ్చడి తీసుకెళ్ళాం. గదిలో వేడినీళ్ళ కెటిల్ ఉంటుంది, అటుకుల మీద పోసి పొడి కలిపితే అయిదు నిమిషాలు. నెయ్యి మాత్రం ఇండియా నుంచి తేవద్దు, పాలపదార్థాలు అక్కడ దించనివ్వరు. చెల్లి న్యూకాసిల్‌లో కొని పెడుతుంది.

చిల్లర నాణేలు ఉంచుకోండి. లానర్‌కాస్ట్ వైపు ఒక రైతు ఇంటి దగ్గర మనిషి లేని చిన్న కొట్టు ఉంటుంది. బిస్కెట్లు, డ్రింకులు తీసుకుని పెట్టెలో డబ్బులు వేసి పోవడమే.

మోకాలిచిప్ప

66 ఏళ్ళు సమస్య కాదు. చెరువు కట్ట చదునుగా ఉంటుంది, అదే సమస్య. స్టీల్ రిగ్ అటూ ఇటూ దారి కొండ అంచు మీద ఎక్కి దిగి, ఎక్కి దిగి పోతుంది. అత్యంత ఎత్తు 345 మీటర్లే, కానీ పీల్ క్రాగ్ దగ్గర రాతిమెట్లు నిటారుగా దిగుతాయి. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు మోకాలు. ఇప్పట్నుంచి వారానికోసారి భువనగిరి కోట ఎక్కించండి, దిగడం కూడా నడిచే. నడక కర్రలు రెండు కొనండి, మొనలకు రబ్బరు టోపీలు ఉండాలి. కొత్త బూట్లు విమానం ఎక్కే వారం ముందు కొనకండి. కంచెల మీద నిచ్చెనలాంటి మెట్లు చాలా వస్తాయి, తడిసినప్పుడు వెనక్కి తిరిగి దిగాలి.

రాతిపలక

వయసు మాట వచ్చింది కాబట్టి: 1801లో విలియం హటన్ అనే ఆయన బర్మింగ్‌హామ్ నుంచి నడిచి వచ్చి, ఈ గోడ ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి నడిచి, ఇంటికీ నడిచే వెళ్ళాడు. మొత్తం 600 మైళ్ళ పైమాటే. అప్పుడు ఆయనకు 78 ఏళ్ళు. చిన్నాన్న గారికి ఇంకా 12 ఏళ్ళ టైముంది.

ఓరుగల్లు_స్వాతి

ఇది చదివాక చిన్నాన్న బూట్ల షాపుకు బయల్దేరాడు. చిన్నమ్మ మిమ్మల్ని తిట్టుకుంటోంది.

రెండు ప్రశ్నలు. మేలో నేల తడిగా ఉంటుందా? అదేదో పాస్‌పోర్టు మీద ముద్రలు వేయించుకోవాలంటున్నారు, తప్పనిసరా? వీసా ఫీజు ఎంతవుతుందో కూడా ఎవరైనా…

నిర్వాహకుడు

వీసా, ఫీజు, ఇన్సూరెన్స్ ప్రశ్నలు దయచేసి "యూకే వీసా" చర్చలో అడగండి. ఫీజులు మారుతుంటాయి, ఇక్కడ పాత అంకెలు పడి ఉంటే తర్వాతివాళ్ళు మోసపోతారు.

టైన్_ఒడ్డు

ముద్రల పాస్‌పోర్టు సరదాకే, అసలు పాస్‌పోర్టుతో సంబంధం లేదు. దారి పొడుగునా కొన్ని చోట్ల ముద్ర వేస్తారు, మే 1 నుంచి అక్టోబర్ 31 వరకే. దాని వెనక కారణం ఉంది. చలికాలం నేల నానిపోయి ఉంటుంది. అప్పుడు వేలమంది ఒకే గీతలో నడిస్తే గడ్డి పోయి, మట్టి పోయి, కింద ఉన్న పురావస్తువు బయటపడుతుంది. అందుకే ఎండాకాలం రమ్మని ఈ తాయిలం. గడ్డి మీద ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కన నడవమని కూడా చెప్తారు. గోడ ఎక్కకూడదు, ఎవరో ఎక్కి ఫొటో దిగారని మీరూ ఎక్కొద్దు.

మేలో కూడా వాన ఖాయమనుకునే సర్దుకోండి. మేజోళ్ళు ఉన్నివి, నూలువి వద్దు. ఇది నా సలహా మాత్రమే కాదు. విండొలాండాలో 1973 నుంచి తవ్వకాల్లో బయటపడుతున్న పల్చటి చెక్కరేకుల ఉత్తరాల్లో ఒకటి ఎవరో సైనికుడికి వచ్చింది: మేజోళ్ళు, రెండు జతల చెప్పులు, రెండు జతల లోదుస్తులు పంపుతున్నానని. ఇంకో ఉత్తరంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ స్నేహితురాలు లెపిడినాను తన పుట్టినరోజుకి పిలుస్తుంది. విండొలాండా దారి మీద లేదు, కాస్త దక్షిణానికి దిగాలి. అందుకే ఒక రోజు వదలమన్నాను. బస్సు ఉంది, దాని నంబరు ఏడీ122. గోడ మొదలైన సంవత్సరమే నంబరు. సీజన్లోనే తిరుగుతుంది, వేళలు వెళ్ళేముందు చూసుకోండి.

కాళ్ళరిగినోడు

సైకమోర్ గ్యాప్ గురించి ఎవరూ చెప్పలేదేం? రెండు గుట్టల మధ్య ఒంటరిగా ఉండే ఆ చెట్టుని 2023 సెప్టెంబర్‌లో రాత్రికి రాత్రి ఎవరో కోసేశారు. ఇద్దరికి 2025లో జైలు పడింది. నేను వెళ్ళినప్పుడు చెట్టుంది, దాని కింద కూర్చుని బ్రెడ్డు తిన్నాను. ఇప్పుడు ఆగాలో వద్దో మీ ఇష్టం.

టైన్_ఒడ్డు

ఆగండి. మొదలు చుట్టూ 2024లో చిగుళ్ళు వచ్చాయి. కంచె లోపలికి వెళ్ళకూడదు, బయట నుంచి చూడొచ్చు. పక్కనే 39వ మైలుకోట.

ఇంకొక్కటి, ఇది చాలామంది మర్చిపోతారు. ఆఖరి రోజు బర్గ్-బై-సాండ్స్ దాటాక దారి ఉప్పు చిత్తడి నేల అంచున పోతుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు ఆ రోడ్డు మునుగుతుంది, పక్కన హెచ్చరిక బోర్డులు ఉంటాయి. సిల్లోత్ రేవు పోటు వేళలు ముందురోజే చూసుకుని బయల్దేరాలి. రాజు మొదటి ఎడ్వర్డ్ 1307లో స్కాట్లండ్ మీదికి పోతూ చనిపోయింది ఆ చిత్తడిలోనే, గుర్తుగా ఒక స్తంభం ఉంది.

పద్మజ_కాకినాడ

ఆవుల సంగతి కూడా. ఆ నెలల్లో దూడలుంటాయి. మన ఊరి ఆవులనుకుని దగ్గరికెళ్ళి తలనిమరకండి. తల్లికీ దూడకీ మధ్యలోంచి పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళాలి.

ఓరుగల్లు_స్వాతి

అందరికీ దండాలు. ఇంట్లో తేలింది ఇదీ: ఎనిమిది రోజులు, పూర్తి దారి, తూర్పు నుంచి పడమరకే. కాళ్ళరిగినోడు గారు కోప్పడొద్దు. మైలుకోటలు ఒకటో నంబరు నుంచి ఎంచుకుంటూ పోవాలని చిన్నాన్న పట్టు, వాన మొహం మీద పడితే పడనీ అంటున్నాడు. మొదటి రోజు చెల్లె కూడా హెడన్ దాకా నడుస్తుంది, అక్కడ వెడల్పు గోడ ముక్క చూసి బస్సులో ఇంటికి పోతుంది. టెంటు కొనడం మానేశాను. సామాను వ్యాన్‌కే.

కాళ్ళరిగినోడు

కోపం లేదు. కళ్ళజోడు తుడుచుకునే గుడ్డలు రెండు ఎక్కువ పెట్టుకోమనండి.

రాతిపలక

న్యూకాసిల్‌లో దిగాక ఒక పూట మిగిలితే సౌత్ షీల్డ్స్‌లో అర్బేయా కోట మ్యూజియం చూడండి. బరాటెస్ అనే సిరియా మనిషి, పామీరా ఊరివాడు, చనిపోయిన భార్య రెగీనాకు పెట్టించిన సమాధి రాయి అక్కడుంది. ఆమె ఈ దేశపు మనిషి, ఒకప్పుడు బానిస, అతనే విడిపించి పెళ్ళాడాడు. లాటిన్ శాసనం కింద అతని సొంత భాషలో ఒక వరస ఉంటుంది. మాష్టారిని ఆ రాయి దగ్గర వదిలేసి మీరు కాఫీ తాగి రావచ్చు.

టైన్_ఒడ్డు

హైదరాబాద్ నుంచి దుబాయి మీదుగా న్యూకాసిల్ వస్తే ఎయిర్‌పోర్టులోనే మెట్రో ఎక్కొచ్చు. నడక మొదలయ్యే రోజు మాన్యుమెంట్ స్టేషన్లో మారి వాల్స్‌ఎండ్‌లో దిగాలి. ఆ స్టేషన్ బోర్డులు లాటిన్లో కూడా రాసి ఉంటాయి. సెగెడూనమ్ కోట అక్కడికి నడిచేంత దూరమే, మొదటి ముద్ర అక్కడ. దారంతా గుర్తు ఓక్ కాయ బొమ్మ. మధ్య భాగంలో ఫోను సిగ్నల్ నమ్మకం లేదు, కాగితం మ్యాపు ఓఎల్43 కొనుక్కోండి. ఆ రోజు సెలవు దొరికితే నేనూ హెడన్ దాకా వస్తా.

గదులు మాత్రం ఈ వారమే చూడండి. స్టీల్ రిగ్ చుట్టుపక్కల ఉన్నవే కొన్ని. వన్స్ బ్రూడ్‌లో యూత్ హాస్టల్, దగ్గర్లో ఒక సత్రం, కాసిని ఇళ్ళు. మే నెలాఖరు బడి సెలవుల వారం కూడా.

ఓరుగల్లు_స్వాతి

హాస్టల్లో రెండు రాత్రులకి మంచాలు దొరికాయి! నాలుగో మజిలీని విరిచే చోటు గిల్స్‌లాండ్‌లో మాత్రం ఆ తేదీకి ఏదీ ఖాళీ లేదు. అక్కడ దొరక్కపోతే మర్నాడు మట్టి కట్ట దగ్గర తీరిగ్గా కూర్చునే టైము పోతుందని చిన్నాన్న దిగులు.

పద్మజ_కాకినాడ

గ్రీన్‌హెడ్‌లో చూడు తల్లీ, రెండు మూడు కిలోమీటర్లు ముందే వస్తుంది. అక్కడా లేకపోతే హాల్ట్‌విజిల్‌లో ఉండి పొద్దున బస్సులో దారి మీదికి రండి. హాల్ట్‌విజిల్‌లో రైలు స్టేషనుంది, కిరాణా ఉంది, గదులూ ఎక్కువ. ఫోను చేసి అడుగు, వెబ్‌సైటులో నిండిందని చూపించినా ఒక్కోసారి ఫోనులో ఇస్తారు.